పాత స్క్రాచ్ ప్రాజెక్టులు 3.0లో తెరుచుకుంటాయా?

ప్రశ్న: నమస్తే అండీ. పిల్లలకు స్క్రాచ్ (బ్లాకులు పేర్చి ఆటలు, బొమ్మలు చేసే ప్రోగ్రామింగ్) నేర్పుతుంటాను. పాత కంప్యూటర్ తీసేద్దామని చూస్తే అందులో నలభై దాకా ప్రాజెక్టులు బయటపడ్డాయి. కొన్ని స్క్రాచ్ 1.4 వెర్షన్‌లో చేసిన ఎస్‌బీ (.sb) ఫైళ్లు, మిగతావి 2.0లో చేసిన ఎస్‌బీ2 (.sb2). పిల్లలు ఎంతో ఇష్టంగా చేసినవి, పోగొట్టుకోవాలని లేదు. అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాలేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అక్కర్లేదండీ. 3.0 ఆ రెండు రకాల ఫైళ్లనూ తెరుస్తుంది. ఫైల్ మెనూలో 'లోడ్ ఫ్రమ్ యువర్ కంప్యూటర్' నొక్కి ఫైల్ ఎంచుకుంటే చాలు. కానీ ముందు ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి భద్రంగా పెట్టండి. 3.0లో సేవ్ చేస్తే అది ఎస్‌బీ3 అవుతుంది, దాన్ని పాత వెర్షన్లలో తెరవలేం. ఈ కాపీ తీసే పని మాత్రం దయచేసి వాయిదా వేయకండి.

పెన్, మ్యూజిక్ బ్లాకులు మామూలు వరుసలో కనిపించవు, 3.0లో అవి ఎక్స్‌టెన్షన్లు. పాత ప్రాజెక్టులో వాడి ఉంటే వాటంతటవే వచ్చేస్తాయి. కొత్త ప్రాజెక్టులో అయితే ఎడమవైపు అడుగున ఉన్న బటన్ నొక్కి తెచ్చుకోవాలి.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. కాపీ తీశాకే మొదలుపెట్టాను. రంగుల చుక్కలు గీసే ప్రాజెక్టు ఒకటి చక్కగా నడిచింది. అయితే పెన్ రంగు బ్లాకు ఒకటి పొరపాటున తీసేశాను. కొత్తది పెట్టి పాత అంకె 100 ఇస్తే, నీలాకుపచ్చ రావాల్సిన చోట ఎరుపు వస్తోంది.

జవాబు: 2.0లో పెన్ రంగులు 0 నుంచి 200 దాకా ఉండేవి, 3.0లో 0 నుంచి 100 దాకానే. కాబట్టి అంకెను సగం చేయండి. 100 బదులు 50 ఇస్తే మీ నీలాకుపచ్చ వచ్చేస్తుంది. రంగు 10 చొప్పున మారేలా పెట్టి ఉంటే 5 చేయండి. తీయకుండా వదిలేసిన పాత బ్లాకులు మాత్రం పాత లెక్కతోనే సరిగ్గా పనిచేస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. ముఖ్యంగా 'పెన్ షేడ్' బ్లాకు. అది తీసేస్తే వరుసలో మళ్లీ దొరకదు. ఇంకోటి కావాలంటే ఉన్నదాని మీదే రైట్ క్లిక్ చేసి డూప్లికేట్ చేసుకోండి.

ఇంకొకరు: 1.4 ఫైళ్లలో 'ఫరెవర్ ఇఫ్' బ్లాకు కనిపించకపోతే కంగారు పడకండి. అది 'ఫరెవర్' లోపల 'ఇఫ్'గా మారుతుంది, పని అదే. ఏదైనా ఎస్‌బీ2 అసలు తెరుచుకోకపోతే, దాని కాపీ పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడండి. ఫైల్ పాడవకుండా ఉంటే బొమ్మలు, శబ్దాలు విడిగా దొరుకుతాయి. ఎస్‌బీ ఫైళ్లకు ఈ ఉపాయం పనికిరాదు, అవి జిప్‌లు కావు.

ప్రశ్న: దాదాపు అన్నీ వచ్చేశాయండీ! ఒక్కటే మిగిలింది. పికోబోర్డ్ (కంప్యూటర్‌కు తగిలించే సెన్సర్ బోర్డు) మీది స్లైడర్ జరిపితే చేప ఈదే ఆట.

జవాబు: పికోబోర్డ్ 3.0లో పనిచేయదు. దాని బదులు ఒక వేరియబుల్ (అంకెను దాచుకునే పేరు) పెట్టి, తెర మీద దాని విలువ చూపే పెట్టెను రైట్ క్లిక్ చేసి 'స్లైడర్' ఎంచుకోండి. పికోబోర్డ్ స్లైడర్ ఇచ్చేదీ 0 నుంచి 100, ఇదీ మామూలుగా 0 నుంచి 100. సెన్సర్ బ్లాకు ఉన్న చోటల్లా ఆ వేరియబుల్ పెడితే చాలు, మిగతా లెక్కలేవీ మార్చక్కర్లేదు.