కారిబూలకు 'పురిటి దొడ్డి' అనొచ్చా?

నమస్కారమండీ. పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. కెనడాలో, బ్రిటిష్ కొలంబియా ఈశాన్యపు కొండల్లో క్లిన్సె-జా అనే కారిబూల మంద ఉంది. కారిబూ అంటే చలిప్రాంతాల్లో ఉండే, దుప్పిలాంటి జంతువు. 2013 నాటికి అందులో 38 మిగిలాయి. వెస్ట్ మోబర్లీ, సోటో అనే రెండు ఆదివాసీ జాతులు పూనుకుంటే 2022కల్లా వంద దాటాయి. 2014 నుంచి చలికాలం చివర్లో గర్భంతో ఉన్న కారిబూలను పట్టి తెచ్చి, కొండమీద ఎత్తైన దడి కట్టి, పిల్లలు కాస్త గట్టిపడేదాకా రాత్రింబవళ్లు కాపలా కాస్తారు. ఆ దడి లోపలి చోటుకి నేను 'ప్రసూతి ఆవరణ' అని రాశాను. ప్రాణం లేదు. ఇంకేమనొచ్చు?

—

అక్కా, 'గర్భంతో ఉన్న' ఎందుకు, 'చూడి కారిబూలు' అనండి. అవి ఈనుతాయి, కాబట్టి 'ఈనిక దొడ్డి'. ఇంకొకటి, ఎక్కడా 'జింక' అని రాయకండి. కృష్ణజింక కొమ్ములు రాలవు, దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కారిబూ దుప్పి కోవలోది. 'మంచు దుప్పి' అంటే సరిపోతుంది.

—

చూడి, ఈనడం రెండూ తీసుకుంటాను తమ్ముడూ. 'మంచు దుప్పి' మాత్రం వద్దు. కారిబూ అన్నది అక్కడి మాటే. తూర్పున ఉండే మిక్మాక్ ప్రజల మాట ఫ్రెంచివాళ్ల నోటబడి అలా అయింది. కాళ్లతో మంచును గోకి తవ్వేది అని అర్థం. తవ్వేది లైకెన్ కోసం. మన మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే! దడిలో ఉన్నవాటికి ఆ జాతులవాళ్లు అడవిలో లైకెన్‌ను చేత్తో ఏరి తెచ్చి పెడతారు. అది చదివాక నాకు పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లే గుర్తొచ్చింది. అందుకే 'పురిటి దొడ్డి' అనాలనిపిస్తోంది.

—

పురుడు మనుషులకే అంటాం కదమ్మా. అయినా ఇక్కడ ఒప్పుకోవచ్చు, ఆ ఆదరణ వేరే మాటలో రాదు. కానీ తోడేళ్ల సంగతి దాచకండి. అడవి నరికిన చోట పొదలు పెరిగి మూస్‌లనే పెద్ద దుప్పులు వచ్చాయి, వాటి వెంట తోడేళ్లు వచ్చాయి, రోడ్లు వాటికి దారి సుళువు చేశాయి. మంద నిలవడానికి తోడేళ్లనూ చంపవలసి వచ్చింది. 1960ల్లో పీస్ నదిమీద కట్టిన బెన్నెట్ ఆనకట్ట వల్ల మందల దారులు నీళ్లపాలయ్యాయి. దానికి 'ముంపు' అనే రాయండి, మన పిల్లలకు వివరించక్కర్లేదు.

—

తప్పకుండా రాస్తానండీ. 2020లో కెనడా, బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వాలు కారిబూల అడవిని కాపాడడానికి ఆ రెండు జాతులతో చేసుకున్న ఒప్పందం కూడా చేరుస్తాను. దొడ్డి ఒక్కటే చాలదు, తిరగడానికి అడవి ఉండాలిగా.

వాక్యం ఇలా మార్చాను: 'చూడి కారిబూలు పురిటి దొడ్డిలో ఈనాయి.' తర్వాతి వాక్యంలో 'దూడలు' అనాలా, లేడికూన లాగా 'కూనలు' అనాలా?