పాత సెమీ ఆటోమేటిక్‌ను బాగు చేయించాలా, వదిలేయాలా?

మా అమ్మ 1998లో కొన్న సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ మొన్నటిదాకా ఉతికింది. ఇన్నేళ్లలో మార్చింది బెల్టు, కెపాసిటర్, డ్రెయిన్ పైపు, అంతే. ఇప్పుడు స్పిన్ వైపు నీళ్లు కారకుండా ఆపే రబ్బరు సీలు పోయి నీళ్లు మోటారు మీద కారుతున్నాయి. పాత మోడల్, సీలు దొరకదంటున్నాడు మెకానిక్.

కొత్తది కొందామంటే భయం. మేం నాలుగేళ్ల కిందట కొన్న ఫ్రంట్ లోడ్‌లో మొదట ఎలక్ట్రానిక్ బోర్డు కాలింది, తర్వాత బేరింగ్ పోయింది. టబ్బు అతికించేసి ఉంటుందట, బేరింగ్ ఒక్కటే మార్చలేరట! మొత్తం టబ్బే కొనాలి. (నీళ్లు మాత్రం తక్కువ తాగేది, ఒప్పుకోవాలి.) మాది ఉప్పుబోరు, పైగా కరెంటు హెచ్చుతగ్గులు.

కొలత చూసి వేరే కంపెనీ సీలు వేయించినవాళ్లున్నారా? ఎన్నాళ్లు ఆగింది? హైదరాబాద్‌లో పాత స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి? లేదంటే బోర్డు లేకుండా, తిప్పే టైమర్ ఉన్న సెమీ ఆటోమేటిక్ కొత్తది తీసుకోమంటారా?