అధ్యక్షుడే కోర్టు తీర్పును పట్టించుకోకపోతే?

అందరికీ నమస్కారం. అమెరికా ప్రభుత్వ వ్యవస్థ గురించి చదువుతుంటే ఒకచోట బుర్ర తిరిగిపోతోంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కొరియా యుద్ధం నడుస్తుండగా 1952లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను ప్రభుత్వ అధీనంలోకి తీసుకున్నారు. సుప్రీంకోర్టు 6-3 తేడాతో అది చెల్లదంది. ఆయన తిరిగి ఇచ్చేశారు. బాగానే ఉంది, మరి ఇవ్వనంటే?

ఫెడరల్ కోర్టుల ఉత్తర్వులు అమలు చేసే యూఎస్ మార్షల్స్ న్యాయశాఖ కింద పనిచేస్తారు. ఆ శాఖేమో అధ్యక్షుడి చేతిలోనే ఉంటుంది. 1957లో అర్కాన్సాస్ రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో, కోర్టు ఉత్తర్వు ప్రకారం తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు తెల్లవాళ్ల స్కూల్లో అడుగుపెట్టడానికి అప్పటి అధ్యక్షుడు ఐసన్‌హోవర్ సైన్యాన్ని దించాల్సి వచ్చింది. అంటే తీర్పు కోర్టుది, కర్ర మాత్రం అధ్యక్షుడిది!

కోర్టు ధిక్కారం కింద శిక్ష వేయొచ్చు కదా అనుకున్నాను. తీరా చూస్తే, క్రిమినల్ ధిక్కారానికి (అంటే జరిగిపోయిన ధిక్కారానికి శిక్ష వేయడం) అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టొచ్చని 1925లో సుప్రీంకోర్టే చెప్పింది. మరి సివిల్ ధిక్కారంలో (అంటే ఉత్తర్వు పాటించేదాకా ఒత్తిడి తేవడం) అధికారికి రోజువారీ జరిమానా వేస్తే దానికీ క్షమాభిక్ష వర్తిస్తుందా? మార్షల్స్ కదలకపోతే జడ్జి వేరేవాళ్లను నియమించుకోవచ్చా?

అభిశంసన ఉందిగా అనకండి, అది కాంగ్రెస్ పని. కోర్టు తనంతట తాను ఏం చేయగలదన్నదే నా డౌట్. కేసుల పేర్లు కూడా చెబితే వెతుక్కుని చదువుకుంటాను.