సోర్ ఏల్ మింగాక మరమరాల రుచి: నిల్వ ఉంచితే పోతుందా?

తమ్ముడు బెల్జియం నుంచి గాలిలోని ఈస్ట్‌తో పులిసిన సోర్ బ్లాండ్ ఏల్ (పుల్లటి లేతరంగు బీరు) సీసాలు మూడు తెచ్చాడు. విశాఖ ఉక్కపోతకి భయపడి ఫ్రిజ్‌లోనే నిలబెట్టి ఉంచాను. రెండు వారాలకి ఒకటి తీశాను. లేత గడ్డి రంగు, నిమ్మతొక్క వాసన, పచ్చి మామిడికాయ కొరికినట్టు పులుపు. ఎంత బాగుందో! కానీ మింగిన పది సెకన్లకి నాలుక వెనక మెత్తబడ్డ మరమరాల రుచి, ఎలుకలు తిరిగిన బియ్యం డబ్బా గుర్తొచ్చేలా. గ్లాసులో ముక్కు పెడితే మాత్రం ఆ వాసనే లేదు.

5 డిగ్రీల దగ్గరా, 12 దగ్గరా తాగి చూశాను. గ్లాసు మార్చాను, మడ్డి కదలకుండా వంచాను. వారం తర్వాత తీసిన రెండో సీసాదీ అదే తీరు. బ్రెట్ అనే అడవి ఈస్ట్ తెచ్చే పశువులపాక లాంటి వాసనైతే ముందే ముక్కుకి తెలియాలి కదా.

మిగిలింది ఒక్కటే సీసా. ఇంకో ఆరు నెలలు కదపకుండా ఉంచితే ఈ రుచి తగ్గడం మీలో ఎవరైనా చూశారా?