'గైస్': పేరు నుంచి మాటగా

తెలుగు వీడియోల్లో సగం "హాయ్ గైస్" అనే పలకరింపుతోనే మొదలవుతున్నాయి కనుక, ఈ 'గై' అసలు ఎక్కడిదన్న ప్రశ్న రావడం సబబే. ఇది ఒక మనిషి పేరు.

యార్క్ నగరంలో 1570లో పుట్టిన గై ఫాక్స్ కాథలిక్కుగా మారి, స్పెయిన్ పక్షాన నెదర్లాండ్స్‌లో సైనికుడిగా పోరాడుతూ, పేరును ఇటాలియన్ పద్ధతిలో 'గిడో'గా మార్చుకున్నాడు. తర్వాత, ఇంగ్లండు రాజు జేమ్సును పార్లమెంటు భవనంతో సహా పేల్చివేయడానికి రాబర్ట్ కేట్స్‌బీ పన్నిన కుట్రలో చేరి, 1605 నవంబరులో 36 పీపాల తుపాకిమందుకు కాపలా కాస్తూ పట్టుబడ్డాడు. పన్నాగం కేట్స్‌బీది, జనం నోట నానింది మాత్రం కాపలావాడి పేరు. ఏటా నవంబరు 5న పాత బట్టల్లో గడ్డి కూరి కాల్చే దిష్టిబొమ్మను 'గై' అన్నారు. 19వ శతాబ్దంలో అది వికారంగా బట్టలు వేసుకున్నవాడిని ఎగతాళి చేసే మాటైంది. అమెరికాలో ఆ ఎగతాళి కూడా అరిగిపోయి, ఉత్త 'మనిషి' మిగిలాడు. బహువచనంలో ఆడవారినీ కలుపుకోవడం ఆ తర్వాతి ముచ్చట.

'గై' అనే పేరుకు మూలం జర్మానిక్ (జర్మన్, ఇంగ్లీషు వంటి భాషల కుటుంబం) మాట 'విడో'. దాని అర్థం 'అడవి' అని కొందరు, 'విశాలం' అని కొందరు అంటారు. నన్ను ఆకర్షించేది మాత్రం అందులోని ధ్వని మార్పు. జర్మానిక్ మాటల్లోని తొలి వకారం ఫ్రెంచిలో గకారమైంది, కానీ ఫ్రాన్సు ఉత్తరాన నార్మన్ మాండలికంలో వకారంగానే నిలిచింది. ఇంగ్లీషు రెండు వైపుల నుంచీ అరువు తెచ్చుకుంది. వార్డెన్, గార్డియన్ అలా వచ్చిన జంటే. మిక్సీ కొనేటప్పుడు "ఇది గ్యారంటీయా, వారంటీయా?" అని దుకాణదారును నిలదీస్తామే, ఆ రెండూ ఒక తల్లి బిడ్డలే. విలియం ఫ్రెంచిలో గియోమ్ అయినదీ ఇందువల్లనే.

గుడారాన్ని బిగించే తాడునూ ఇంగ్లీషులో 'గై' అంటారు కనుక రెండూ ఒకటేనని ఎవరైనా అనుకోవచ్చు. ఉచ్చారణ ఒకటే గాని మాటలు వేరు; ఓడ తాళ్ల వాడుకలోంచి వచ్చిన ఆ మాట, ఫాక్స్ పుట్టడానికి ఎంతో ముందే ఇంగ్లీషులో ఉంది.