అప్‌డేట్: పిన్‌బాల్ కొత్త డిస్‌ప్లే దారికొచ్చింది
నా పిన్‌బాల్ ఆట మెషీన్‌లో స్కోరు చూపే పాత ప్లాస్మా డిస్‌ప్లే తీసి ఎల్‌ఈడీ ప్యానెల్ పెట్టాక తెర మీది చుక్కలు వణుకుతున్నాయని, ఫ్లిప్పర్ (బంతిని కొట్టే రెక్క) కొట్టినప్పుడల్లా తెర ఆరిపోయి మళ్లీ వస్తోందని అడిగాను కదా. కారణం దొరికింది!

ప్యానెల్ తప్పేం లేదు. డేటా తెచ్చే రిబ్బన్ కేబుల్ 14 పిన్నులూ సరిగ్గానే కూర్చున్నాయి, ఎర్ర గీత ఒకటో పిన్ను వైపే ఉంది. మీరు చెప్పినట్టు మల్టీమీటర్ పెట్టి చూస్తే పవర్ బోర్డు దగ్గర 5.02 వోల్టులు, ప్యానెల్ దగ్గర 4.58. అంత దారిలోనే పోతోంది! పవర్ కేబుల్ కనెక్టర్ ఊడదీశాను. 5 వోల్టుల పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ మాడి గోధుమ రంగుకు తిరిగింది, లోపలి టెర్మినల్ (పిన్నును పట్టుకునే లోహపు ముక్క) వదులైపోయింది. ఫ్లిప్పర్ అదురుకు అదే కదిలేది.

ప్లాస్మా అయితే వెలుగుకి కావలసిన కరెంటు హై వోల్టేజ్ లైన్ల నుంచి తీసుకుంటుంది. ఎల్‌ఈడీ భారమంతా ఈ 5 వోల్టుల మీదే. అందుకే ఇన్నేళ్లూ బయటపడని లోపం ఇప్పుడు బయటపడింది.

హౌసింగ్ (ఆ తెల్ల ప్లాస్టిక్ తొడుగు), టెర్మినల్స్ కొత్తవి వేసి క్రింప్ చేశాను (వైర్లకు నొక్కి బిగించాను). ఇప్పుడు ప్యానెల్ దగ్గర 4.97. నిన్న రెండు గంటలు ఆడాను, ఒక్క చుక్క కూడా వణకలేదు. ముందు వోల్టేజ్ కొలవమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్, ఇంకో ప్యానెల్ కొనేసేవాణ్ణి.