కనుమ రాత్రి పార్టీకి స్వీటు రుచి షాట్లు: సాయం చేయండి

ప్రశ్న:
నమస్కారం అండి. మాది ముమ్మిడివరం దగ్గర. కనుమ రాత్రి మా డాబా మీద పన్నెండు మందిమి కలుస్తున్నాం, బావలు, మరదళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చే ఫ్రెండ్స్, అందరం ముప్పై దాటినవాళ్లమే. ఎప్పుడూ అదే బీరు, అదే బ్రాందీ ఎందుకు, ఈసారి స్వీటు తిన్నట్టుండే చిన్న షాట్లు చేద్దామని మా మరదలు పట్టుబట్టింది. నెట్‌లో ఏది చూసినా కాఫీ లిక్కర్, ఐరిష్ క్రీమ్ అంటున్నారు, ఇక్కడి షాపులో అవేవీ దొరకలేదు. మొన్న ట్రయల్‌గా పాలు, ఫ్రెష్ క్రీమ్, వోడ్కా, పంచదార కలిపి చివర్లో నిమ్మకాయ పిండితే గ్లాసంతా తరకలు తరకలుగా విరిగిపోయింది. ఇంట్లో ఉన్నవాటితో తేలిగ్గా అయ్యేవి చెప్పండి. యానాం వెళ్లి సీసాలు తెచ్చుకోమంటారా?

జవాబు:
ముందు యానాం మాట. అక్కడి సరుకు పుదుచ్చేరిది, మన వైపు తెస్తూ దొరికితే కేసవుతుంది, పండగ పూట ఆ టెన్షన్ వద్దండి. పైగా అవసరం కూడా లేదు, ఎందుకంటే ఆ ఖరీదైన సీసాల్లో ఉండేది తీపి, క్రీము, వాసన, అవి మూడూ మన వంటింట్లోనే ఉన్నాయి. కోనసీమలో కూర్చుని స్వీటు రుచి కోసం ఎక్కడో వెతకడం నాకైతే బాధగా ఉంటుంది.

నేను రెండేళ్లుగా చేస్తున్నది పూతరేకు షాట్. ఒక హాఫ్ బాటిల్, అంటే 375 మి.లీ. డార్క్ రమ్ముని వెడల్పు మూతి గాజు సీసాలో పోసి, మూడు పెద్ద చెంచాల నెయ్యి కరిగించి అందులో కలపండి. నెయ్యి మంచిదై ఉండాలి, అసలు రుచంతా దానిదే. మూత పెట్టి నాలుగైదు గంటలు బయటే ఉంచి, మధ్యమధ్యలో ఊపుతూ ఉండండి, తర్వాత రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి. రమ్ము గడ్డకట్టదు, నెయ్యి మాత్రం పైన అప్పచ్చిలాగా పేరుకుంటుంది. తెల్లారి చాకు మొనతో ఆ నెయ్యికి ఒక పక్క కన్నం పెట్టి, పల్చటి గుడ్డలోంచి రమ్ము వంపుకోండి. నెయ్యి పైకి తేలిపోయినా దాని వాసన మందులోనే ఉండిపోతుంది, మూత తియ్యగానే పూతరేకుల పొట్లం విప్పినట్టుంటుంది.

100 గ్రాముల బెల్లానికి 100 మి.లీ. నీళ్లు పోసి రెండు యాలకులు చితక్కొట్టి వేసి కరిగించండి, పాకం రానక్కర్లేదు. వడకట్టడం మర్చిపోకండి, బెల్లంలో ఇసుక ఉంటే పార్టీ అంతా పళ్ల కింద కరకరే. ఒక షాట్‌కి 15 మి.లీ. రమ్ము, 8 మి.లీ. బెల్లం నీళ్లు, ఐసు ముక్కలతో మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పోసి చేతులు చల్లబడేదాకా ఊపి, వడకట్టి పోయడమే. ఐసు కరిగి దాదాపు 30 మి.లీ. అవుతుంది. పైన ఆత్రేయపురం పూతరేకు ముక్క ఒకటి చిదిమి వేయండి, అది కూడా చేతికిచ్చే క్షణంలోనే, ముందే వేస్తే తడిసి ముద్దయిపోతుంది. కొలతకి ఎక్కువ ఆలోచించొద్దు, దగ్గు మందు సీసాతో వచ్చే మూత మీద మి.లీ. గీతలుంటాయి కదా, శుభ్రంగా కడిగితే అదే సరిపోతుంది.

మీ పాలు విరగడానికి కారణం నిమ్మకాయే. పాలు, క్రీము వేసిన దాంట్లో పులుపు పడకూడదు, అంతే. బెల్లం కూడా జాగ్రత్త, పరమాన్నంలో వేడి మీద బెల్లం వేస్తే పాలు విరుగుతాయని అమ్మ చెప్పేదే ఇక్కడా వర్తిస్తుంది. రెండూ పూర్తిగా చల్లారాకే కలపండి.

మళ్లీ అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. మా మరదలికి రమ్ము వాసన పడదు, ఇంకో రకం ఉంటే చెప్పండి. పన్నెండు మందికి ఎంత సరుకు కావాలి?

ఇంకొకరి జవాబు:
మీ మరదలికి కొబ్బరి లౌజు రుచిది చేసి పెట్టండి. పచ్చి కొబ్బరి మిక్సీ పట్టి మొదటిసారి పిండిన చిక్కటి పాలు 10 మి.లీ., చల్లటి బెల్లం నీళ్లు 5, వోడ్కా 15. కొబ్బరిపాలు ఆ సాయంత్రమే తీయండి, నిలవుంటే పులుస్తాయి. కాఫీ ఇష్టమైతే చిక్కటి ఇన్‌స్టంట్ కాఫీ డికాషన్ చల్లార్చి, మిల్క్‌మెయిడ్, కొంచెం క్రీము కలిపి, విస్కీని సన్నటి ధారగా పోస్తూ కలపండి, ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా వాడేయండి.

లెక్క సులువు. మనిషికి రెండు షాట్లంటే 24, ఒక్కోదానికి 15 మి.లీ. అనుకుంటే 360 మి.లీ., అంటే అన్నీ కలిపి ఒక హాఫ్ బాటిల్ అంత మందు చాలు. అందులో కొన్ని వోడ్కా షాట్లయితే రమ్ము మిగులుతుంది కూడా. ఫుల్ కొనకండి, తీపిలో మందు ఘాటు తెలియదు, ఐదారు తాగినా ఏం కాలేదే అనుకుంటారు, అరగంట తర్వాత గాని తెలీదు. నేనైతే షాట్లన్నీ ఒకేసారి ట్రేలో పెట్టను, మొదటిది, తర్వాత భోజనం, ఆ తర్వాతే రెండోది. బండి నడపాల్సినవాళ్లకి, పిల్లలకి ఇవే మందు లేకుండా చేయండి, కానీ గ్లాసు రంగు వేరుగా ఉండాలి, ఎందుకంటే చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కాలవ గట్ల మీద రాత్రి బండ్లు ఎలా వెళ్తాయో మీకు తెలుసు, దూరంవాళ్లకి పడకలు ముందే వేయించండి.

అడిగినవారు:
నిన్న రాత్రి ఒక్క క్వార్టర్‌తో పూతరేకు షాట్ చేసి చూశానండి, నెయ్యి ఒకటిన్నర చెంచా వేశాను. నెయ్యి గడ్డ మీరు చెప్పినట్టే పేరుకుంది. మా బావ వాసన చూసి ఇది నిజంగా రమ్మేనా అని రెండుసార్లు అడిగాడు. బెల్లం కొంచెం ఎక్కువైంది, ఈసారి 6 మి.లీ.కి తగ్గిస్తాను. పడకలు డాబా మీదే, చాపలూ దుప్పట్లూ మా అమ్మ ఇప్పుడే ఎండలో వేసింది.